నల్లరేగడి స్థలంలో పునాదికి ముందు నేలను పరీక్షించే విధానం

ఇల్లు కట్టబోయేవారు పునాది ఎంత లోతు తవ్వాలని మేస్త్రీని అడిగితే, పక్కింటికి ఎంత తవ్వారో అంతే చెప్పడం మన ఊళ్లలో పరిపాటి. గట్టి ఎర్రనేలలో ఈ పద్ధతి చాలావరకు చెల్లుతుంది గానీ గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు వైపు విస్తారంగా ఉన్న నల్లరేగడిలో చెల్లదు. మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం వల్ల ఆ మట్టి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది. కాబట్టి అక్కడ నేల ఎంత బరువు మోస్తుందన్నది ఒక్కటే తెలిస్తే సరిపోదు, ఎంత కదులుతుందన్నదీ తెలియాలి. ఉబ్బే మట్టిని అణిచిపెట్టేంత బరువు లేని ఒంటి అంతస్తు ఇళ్లే ఎక్కువగా బీటలు వారుతుంటాయి.

మొదట చుట్టుపక్కల ఇళ్లను చూడాలి. కిటికీల మూలల నుంచి ఏటవాలుగా సాగిన బీటలు, అలలుగా వంగిన ప్రహరీలు, గచ్చు ఉబ్బిన గదులు కనిపిస్తే నేల స్వభావం సగం తెలిసినట్లే. స్థలంలో పూర్వం కుంట గానీ, దిగుడుబావి గానీ ఉండేదా అని ఆ వీధి పెద్దలను అడిగి, గ్రామ నక్షాతో సరిచూసుకోవాలి. వేసవిలో నెర్రెలు విచ్చినప్పుడు సన్నని ఇనుప చువ్వను దింపి చూస్తే నేల కనీసం ఎంత లోతు వరకు ఎండుతున్నదో అంచనాకు వస్తుంది. భూగర్భ జలమట్టాన్ని మాత్రం వానలు కురిసిన తరువాత దగ్గరలోని బావిలో చూడాలి.

ఆ తరువాత గుంత తవ్వించాలి. చిన్న ఇంటికి స్థలం మధ్యలో ఒక్క గుంత చాలునని భారతీయ ప్రమాణం ఐఎస్ 1892 (1979 నాటి కూర్పు) అంది. అయినా పూడ్చిన నేలలున్న మన పట్టణాలలో ఎదురెదురు మూలల్లో కనీసం రెండు తవ్వించడమే మేలని నా అభిప్రాయం. రేగడి పొర ఎక్కడ ముగిసి సున్నపురాళ్ల మట్టి గానీ, మొరం గానీ మొదలవుతుందో టేపుతో కొలిచి రాసుకోవాలి. గుంతలో ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ సంచులు బయటపడితే అది పూడ్చిన నేల; దాని అడుగున సహజమైన నేల తగిలే వరకు తవ్వాల్సిందే. మనిషి లోతుకు మించిన గుంతలో అంచులకు ఆధారం లేకుండా ఎవరినీ దింపకూడదు.

గుంతలోని మట్టిని ప్రయోగశాలకు పంపాలి. ఎరువుల కోసం రైతులు చేయించే భూసార పరీక్ష వేరు, ఇది వేరు. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. ఇందులో 425 మైక్రాన్ల జల్లెడ పట్టి ఆరబెట్టిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలపాత్రలలో వేసి, ఒకదానిలో కిరోసిన్, మరొకదానిలో స్వేదనజలం పోసి కనీసం 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కనుక, నీటిలోని మట్టి దానికన్నా ఎంత శాతం ఎక్కువ పరిమాణం ఆక్రమించిందో అదే ఉబ్బు సూచిక. అది 50 శాతం దాటితే మామూలు ఫుటింగులతో (స్తంభాల కింద వేసే కాంక్రీటు దిమ్మెలతో) సరిపెట్టుకోవడం ప్రమాదకరం. కాంక్రీటును తినివేసే సల్ఫేట్ల పరీక్షను కూడా అప్పుడే అడగాలి.

రెండు మూడు అంతస్తులు ఆలోచించేవారు బోరు వేయించి, నేల గట్టిదనాన్ని తెలిపే ఎస్‌పీటీ (స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్) చేయించుకోవాలి. ఇందులో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడతాయో లెక్కిస్తారు.

ఈ పరీక్షల నివేదిక ఇంటి ప్లాను ఖరారయ్యే ముందే స్ట్రక్చరల్ ఇంజనీరు చేతిలో ఉండాలి. రేగడి పొర పలుచగా ఉంటే దానిని పూర్తిగా తీసి మొరంతో దిమ్మిస కొట్టించడమా, లోతుగా ఉంటే అడుగున ఉబ్బెత్తు ఉండే అండర్ రీమ్డ్ పైళ్లు (నేలలోకి దింపే కాంక్రీటు స్తంభాలు) వేయడమా అన్నది ఆయన నిర్ణయిస్తారు. ఎన్ని పరీక్షలు చేసినా మనకు తెలిసేది ఆ రెండు మూడు చోట్ల నేల సంగతే. అందుకని పునాది తవ్వే రోజున ప్రతి గుంత అడుగు మట్టినీ నివేదికలోని వర్ణనతో పోల్చాలి. ఒక్క గుంతలో తేడా కనిపించినా, ఇంజనీరు వచ్చి చూసేదాకా కాంక్రీటు పోయనివ్వకూడదు.