మైల్స్ చేజారకుండా టికెట్ కొనడం ఎలా

2024 నవంబర్ 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, క్లబ్ విస్తారా పాయింట్లూ అటే వెళ్లాయి. విమానమెక్కినందుకు సంస్థలు మన ఖాతాలో వేసే ఇలాంటి పాయింట్లనే మైల్స్ అంటారు. పొత్తులు ఇలా మారుతూనే ఉంటాయి, అందుకే పాత లెక్కలు నమ్ముకుని టికెట్ కొనకండి.

ముందు, టికెట్ అమ్మేది ఎవరైనా, విమానం అసలు నడిపేదెవరో చూడండి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సాలో వెళ్తే, అది ఎయిర్ ఇండియా, యునైటెడ్‌లతో పాటు స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో ఉంది కాబట్టి మైల్స్ ఎయిర్ ఇండియా ఖాతాలోనో యునైటెడ్ ఖాతాలోనో వేయించుకోవచ్చు, కానీ ఒక ప్రయాణానికి ఒక్క ఖాతాయే. ఖతార్ వన్‌వరల్డ్ అనే ఇంకో కూటమిలో ఉంది, ఎమిరేట్స్ మాత్రం స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్ అనే మూడు పెద్ద కూటముల్లో దేంట్లోనూ లేదు.

అసలు మెలిక బుకింగ్ క్లాస్ అక్షరంలో, అంటే టికెట్ ఏ ధర రకానిదో చెప్పే ఒక్క ఇంగ్లీషు అక్షరంలో ఉంది. అదే ఎకానమీ, అదే సీటు, కానీ అక్షరం మారితే మైల్స్ సగమవ్వొచ్చు, సున్నా కూడా అవ్వొచ్చు. చవగ్గా వచ్చిందని మురిసిపోయి నేనొకసారి కొన్నాను, అంత దూరం వెళ్లొస్తే ఒక్క మైలూ పడలేదు! డబ్బు కట్టేముందే మీ మైల్స్ ఖాతా ఉన్న ప్రోగ్రామ్ సైట్‌లో ఆ అక్షరానికి ఎంతొస్తుందో చూసుకోండి.

ఇంకోటి, మన ఇంటిపేర్ల గొడవ. పాస్‌పోర్టులో పూర్తిగా ఉండి ఖాతాలో పొడి అక్షరమే ఉంటే మైల్స్ ఆగిపోవచ్చు. అవి పడేదాకా బోర్డింగ్ పాస్ పారేయకండి.