ఎముకలో ఏముందో ఇంట్లోనే చూడటం ఎలా?

ఎముక అనగానే ఎండిన సున్నపు కర్ర అనుకుంటాం. కానీ అందులో రెండు పదార్థాలు పెనవేసుకుని ఉంటాయి. ఒకదాన్ని తీసేసి, మిగిలినదాన్ని చేత్తో పట్టుకుంటే గానీ ఆ సంగతి మనసుకెక్కదు. మన ఎముకను కోసి చూడలేం కదా, కోడి, మేక ఎముకలు తీసుకుందాం. పదార్థం దాదాపు అదే.

రెండు చికెన్ లెగ్‌పీస్ ఎముకలు తెచ్చి, మాంసం గీకేసి కడగండి. ఎక్కువసేపు ఉడకబెట్టొద్దు, లోపలి కొలాజెన్ అనే ప్రొటీన్ నీళ్లలోకి దిగిపోతుంది. పాయా చల్లారాక జెల్లీలా గడ్డకట్టేది దానివల్లే. మటన్ కొట్టులో ఒక నల్లి బొక్కను కీలుతో సహా నిలువునా కోయించుకోండి.

ముందు ఆ నల్లి బొక్కను చూడండి. అంచున దట్టమైన గోడ, కీలు దగ్గర తేనెపట్టులాంటి అల్లిక, నడుమ మూలుగ. మన అస్థిపంజరం బరువులో సుమారు 80 శాతం ఆ గట్టి గోడదే. కంటికి ఆనకపోయినా, ఆ గోడలో నెత్తురు పారే సన్నటి దారులున్నాయి. 1691లో ఇంగ్లండ్ వైద్యుడు క్లాప్టన్ హేవర్స్ వాటిని వర్ణించాడు, అందుకే హేవర్షియన్ నాళాలంటాం. ఒక్కో నాళం చుట్టూ ఉల్లిపొరల్లా ఎముక పేరుకుంటుంది. పొరల మధ్య చిన్న గదుల్లో ప్రాణమున్న కణాలుంటాయి.

ఇప్పుడు ఒక చికెన్ ఎముకను గాజుసీసాలో వేసి, మునిగేదాకా తెల్ల వెనిగర్ పోయండి. గ్యాస్ వస్తుంది కాబట్టి మూత బిగించొద్దు. రెండు రోజులకోసారి వెనిగర్ మార్చండి. వారం తిరిగేసరికి ఖనిజం చాలావరకు కరిగి, ఎముక రబ్బరులా వంగుతుంది. చేతిలో మిగిలింది కొలాజెన్.

రెండో ఎముకను ఆరుబయట, పెద్దవాళ్లే, బొగ్గుల కుంపట్లో కాల్చాలి. వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మాడేది ప్రొటీనే. నల్లబడ్డాక ఆపేయకండి, తెల్లబడేదాకా ఉంచండి. బాగా చల్లారాక వేళ్లతో నొక్కితే పొడవుతుంది. ఇది కాల్షియం, ఫాస్ఫేట్‌ల ఖనిజం.

మనిషి ఎముక బరువులో ఖనిజం సుమారు 60-65 శాతం. మిగతాది చాలావరకు కొలాజెన్, కొంత నీరు. మట్టిగోడ పెట్టేటప్పుడు బురదలో గడ్డి కలిపి తొక్కినట్టే, ఖనిజం బరువు మోస్తుంది, కొలాజెన్ పగలకుండా పట్టి ఉంచుతుంది. ఖనిజం ఎక్కువైతే ఎముక బలపడుతుందనుకోవడం పొరపాటు. నల్లగొండ పల్లెల్లో బోరునీటి ఫ్లోరైడ్ ఆ ఖనిజపు స్ఫటికాల్లోకి చొరబడి ఎముకను మరింత దట్టం చేసింది. అయినా ఎముకలు పెళుసెక్కాయి, నడుములు వంగిపోయాయి. నాకు ఈ ప్రయోగం చేసిన ప్రతిసారీ ఆ మనుషులే గుర్తొస్తారు.

వెనిగర్ ఎముకను బయటికి తీసిన రోజే పిల్లలతో వంచి చూపించండి. ఆరనిస్తే కొలాజెన్ బిగుసుకుని మళ్లీ కర్రలా అయిపోతుంది.