గార్డెన్ స్క్రీన్‌కి చెక్క ఫ్రేమ్ వంకర రాకుండా

తోటలో పెట్టే డిజైన్ ప్యానెల్‌కి చెక్క ఫ్రేమ్ చేసి, తీరా ప్యానెల్ కూర్చోబెట్టబోతే ఒక మూల పట్టదు, ఇంకో మూల సందు కనిపిస్తుంది. మూలమట్టంతో చూసినా పొడవాటి కర్రల్లో చిన్న తేడా చివరికి పెద్దదవుతుంది. దాన్ని సరిచేయడానికి కొలిచే టేపు ఒక్కటి చాలు.

ఫ్రేమ్ లోపలి కొలత ప్యానెల్ కన్నా పొడవులో 6 మి.మీ., వెడల్పులో 6 మి.మీ. ఎక్కువ ఉంచండి. అంటే 1800 × 900 ప్యానెల్‌కి 1806 × 906. నాలుగు కర్రల్ని చదునైన నేల మీద పరిచి, మూలకి ఒక్క స్క్రూ మాత్రమే బిగించండి. రెండోది ఇప్పుడే వద్దు, ఫ్రేమ్ కాస్త కదలాలి. లోపలి మూల నుంచి ఎదుటి లోపలి మూలకి ఐమూలగా రెండు వైపులా కొలవండి. ఏది ఎక్కువ వస్తే ఆ రెండు మూలల్ని దగ్గరికి నెట్టండి. రెండూ సమానం కావాలి, ఈ సైజుకి దాదాపు 2020 మి.మీ. వస్తుంది. కాగానే పైన ఐమూలగా ఒక రీపర్ (సన్నని చెక్క పట్టీ) కొట్టి, అప్పుడు మిగతా స్క్రూలు బిగించండి. ఫ్రేమ్ నిలబెట్టి స్తంభాలకి బిగించేదాకా రీపర్ తీయకండి.

ప్యానెల్‌కి వేసే రంధ్రాలు స్క్రూ కన్నా 2 మి.మీ. పెద్దవిగా ఉంచి వాషర్ వేస్తే మేలు. వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకునేటప్పుడు చెక్కకి ఆ మాత్రం వెసులుబాటు కావాలి.

పచ్చి కర్రతో మాత్రం ఇది పనిచేయదు. ఎంత కొలిచి బిగించినా ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది.