షవర్ ధార సన్నగా వస్తుంటే: ట్యాంకు ఎత్తు లెక్క (నా అనుభవం)

షవర్ ధార సన్నగా వస్తోందని పెద్ద ట్యాంకు పెట్టించడం డబ్బు దండగ. ఒత్తిడికి ట్యాంకు వెడల్పుతో పని లేదు. ఒత్తిడి = సాంద్రత × గురుత్వ త్వరణం × లోతు: నీటికి 1000 × 9.81 × 1 మీటరు = 9,810 పాస్కల్, అంటే మీటరుకు దాదాపు 0.1 బార్ (బార్ అంటే లక్ష పాస్కల్).

హన్మకొండలోని ఈ ఇంట్లో షవర్‌కు, ట్యాంకు అడుక్కు మధ్య ఎత్తు 1.2 మీటర్లే. అంటే 0.12 బార్. అడుగు నుంచే కొలవాలి, నిండు మట్టం పట్టుకుంటే ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ లెక్క తప్పుతుంది. ఇనుప స్టాండుతో ఇంకో 2 మీటర్లు లేపితే మొత్తం 3.2 మీటర్లు, 0.31 బార్ అయింది.

అయినా ధార పెరగలేదు. కుళాయి కట్టేసినప్పుడు ఒత్తిడి కొలిచే గేజీ 0.35 చూపింది (ట్యాంకులో కొన్ని నీళ్లున్నాయి), తిప్పగానే పడిపోయింది. అంటే నీళ్లు పారేటప్పుడు ఒత్తిడి ఎక్కువగా పైపులోనే పోతోంది. అర అంగుళం పైపు తీసి ముప్పావు అంగుళం వేసి, షవర్ జల్లెడకు పట్టిన సున్నం గీకాక ధార నిండుగా వచ్చింది.

1000 లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. స్టాండు కాళ్లు పిల్లర్ల మీదే పడాలి.