మంచుకొండల ట్రెక్‌కి బయల్దేరే ముందు: మన వైపు కుర్రాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

సంక్రాంతి పండగ అయ్యాక విజయనగరంలోనో పార్వతీపురంలోనో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కణ్ణుంచి డెహ్రాడూన్ మీదుగా సాంక్రీ చేరి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠా శిఖరం ఎక్కొద్దామని ప్లాన్లు వేసుకునేవాళ్ళు మన వైపూ ఉన్నారు. స్వెట్టర్లు, బూట్ల గురించి నలుగురినీ అడుగుతారు. వాలు మీంచి ఒక్కసారిగా జారిపడే మంచుచరియల గురించి అడగరు. మనం పుట్టి బుద్ధెరిగాక చూసింది కాదు మరి.

మనకి తెలిసిన గండం తుఫాను. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి తగ్గిందనుకునే లోపు వంశధారకి వరదొచ్చింది. మంచులో కూడా అసలు ప్రమాదం అలా వెనకాలే వస్తుంది. రెండ్రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి, మూడో రోజు పొద్దున్న ఆకాశం తేటపడి ఎండ కాస్తే "పదండ్రా, ఇక పర్లేదు" అనిపిస్తుంది. ఆ పొద్దునే ఆగాలి. కొత్తగా పడిన మంచు కింది మంచుతో అతుక్కోవడానికి తక్కువలో తక్కువ ఒకటి రెండు రోజులు కావాలి, చలి ఎక్కువుంటే ఇంకా ఎక్కువే. మంచు కురవకపోయినా గట్టి గాలి వీచిందంటే అదీ అంతే: ఒక పక్కది ఊడ్చుకెళ్ళి శిఖరానికి అవతలి వాలు మీద కుప్ప పోస్తుంది.

జారబోయే మంచు లోపల ఇలా ఉంటుంది: పైన గట్టి పలక, కింద అతుక్కోని పలుకులు. చోళ్ళు పరిచి వాటి మీద తలుపు చెక్క పెట్టి ఒక పక్కకి వాల్చినట్టుంటుంది వ్యవహారం. దాన్ని కదిలించేది చాలాసార్లు మనిషి బరువే. గట్టిగా అరిస్తే మంచు కూలుతుందనేది సినిమాల్లో మాట, నమ్మకండి. కాలు వేసినప్పుడు లోపల "ధుమ్" అని కుంగిన చప్పుడొచ్చినా, అడుగు దగ్గర్నుంచి చీలిక పాకినా, పక్క వాలు మీద తాజాగా జారిన గుర్తు కనబడినా ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి.

ఎక్కువగా జారేవి 30 నుంచి 45 డిగ్రీల వాలులు. కొలవడం తేలికే. సురక్షితమైన చోట నిలబడి, చేతికర్రని వాలు వెంబడి మంచు మీద పడుకోబెట్టి, దాని మీద ఫోను అంచు ఆనిస్తే వాలు కొలిచే యాప్ అంకె చూపిస్తుంది. అయితే మీ కాళ్ళ కింద నేల చదునుగా ఉంది కదా అని ధీమా వద్దు, తలెత్తి పైన ఏముందో చూడండి. 2023 ఏప్రిల్‌లో సిక్కింలో నాథూలా వెళ్ళే దారిలో చరియ మీద పడి చనిపోయినవాళ్ళు పర్యాటకులు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా దండా శిఖరం మీద మంచుచరియకి పోయినవాళ్ళలో పర్వతారోహణ నేర్పే గురువులు కూడా ఉన్నారు. అనుభవం ఉన్న గైడు వెంట ఉన్నాడన్నది ఒక్కటే సరిపోదు.

చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ చలికాలంలో మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది. ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా లెక్కేస్తారు. 3 అంటే మధ్యస్థమేగా అని తీసిపారేయొద్దు. చాలా దేశాల్లో ఎక్కువ చావులు ప్రమాదం 3 అని చెప్పిన రోజుల్లోనే. మరీ 4, 5 అన్నప్పుడు జనం ఎలాగూ కదలరు.

తప్పనిసరిగా ఒక వాలు దాటాల్సొస్తే ఒక్కొక్కరే దాటండి. మిగతావాళ్ళు ఓరగా నిలబడి, దాటేవాడి మీంచి చూపు తిప్పకూడదు. బ్యాగు నడుం బెల్టు విప్పుకోండి, చేతికర్రల తాళ్ళు మణికట్టుకి వేసుకోవద్దు. ట్రాన్సీవరు (మంచులో కూరుకుపోయినవాళ్ళని సిగ్నలుతో కనిపెట్టే పరికరం), ప్రోబు (మంచులో గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ), పార ఇస్తారా అని ట్రెక్ వాళ్ళని డబ్బు కట్టకముందే అడగండి. ఇస్తే వాడటం కూడా నేర్పమనండి.

ఎవరైనా కూరుకుపోతే సాయానికి కిందికి పరిగెత్తడం కాదు, ఆఖరుసారి కనబడిన చోటు గుర్తుపెట్టుకుని, పైనుంచి ఇంకో చరియ వచ్చేలా లేదని చూసుకుని, దాని దిగువన అక్కడికక్కడే వెతకాలి. మొదటి 10 నిమిషాల్లో బయటికి తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే ఆశ సన్నగిల్లిపోతుంది. చిక్కుకున్నవాడు జారుడు ఆగేలోపే మొహం ముందు చేతులు అడ్డం పెట్టుకుని ఊపిరికి కాస్త ఖాళీ చేసుకోవాలి. ఆగాక ఆ మంచు బిగుసుకుపోతుంది, వేలు కూడా కదలదు.

ఇక టిక్కెట్ల సంగతి. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. అంత దూరం వెళ్ళి, సెలవు పెట్టి, డబ్బు కట్టి, తిరుగు టిక్కెట్టు జేబులో పెట్టుకున్నవాడికి వెనక్కి తిరగాలంటే మనసొప్పదు. అందుకే రెండు రోజులు ఖాళీ ఉంచి తిరుగు టిక్కెట్టు తీసుకోండి. జట్టులో ఒక్కడు వద్దన్నా అందరూ ఆగాలని రైలెక్కకముందే మాటనుకోండి.

బట్టలు, మందుల మాట ట్రెక్ వాళ్ళిచ్చే కాగితంలో ఉంటుంది. పలాస జీడిపప్పు మాత్రం నేనిచ్చే సలహా. ఇంట్లో ఒక చీటీ రాసిపెట్టండి: ఏ దారి, గైడు నంబరు, ఏ రోజు కిందికి దిగుతారు. కొండ మీద ఫోను పని చెయ్యదని అమ్మకి ముందే చెప్పండి. ఆ తేదీ దాటి ఒక రోజు గడిచినా మీ నుంచి కబురు లేకపోతే ముందు గైడుకి, తర్వాత అక్కడి జిల్లా పోలీసులకి ఫోను చెయ్యాలి. వాళ్ళ నంబర్లు కూడా ఆ చీటీలోనే ఉండాలి.