పెద్ద సంఖ్యకు 7, 11, 13 పరీక్ష ఒకేసారి

పెద్ద సంఖ్యను 7, 11, 13 నిశ్శేషంగా భాగిస్తాయో లేదో తెలుసుకోవడానికి మూడు భాగహారాలు చేయనక్కరలేదు. ఆ మూడింటి లబ్ధం 1001 కనుక, సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెల గుంపులుగా విడగొట్టి, మొదటి గుంపు నుంచి రెండవదాన్ని తీసివేసి, మూడవదాన్ని కూడి, అలాగే కొనసాగిస్తూ, చివరకు మిగిలిన చిన్న సంఖ్యను పరీక్షిస్తే చాలు. విశాఖపట్నం సీతమ్మధార పిన్‌కోడ్ 530013నే తీసుకోండి: 530కీ 13కీ భేదం 517, అది 11 × 47 కాబట్టి ఈ సంఖ్యను 11 నిశ్శేషంగా భాగిస్తుంది, 7 గాని 13 గాని భాగించవు. మన పద్ధతిలో 5,30,013 అని కామాలు లక్షల దగ్గర పడతాయి; వాటిని అనుసరిస్తే గుంపులు తప్పుతాయి కనుక ముందుగా కామాలను తొలగించండి. ఫలితం ఋణ సంఖ్య అయితే గుర్తును విడిచిపెట్టవచ్చు.