రనన్‌క్యులస్ దుంపలు కుళ్లకుండా

గులాబీలా పొరలు పొరలుగా పూసే తెల్ల రనన్‌క్యులస్ పూలమొక్క దుంపలు కొని నాటితే సగం మట్టిలోనే కుళ్లిపోయేవి. మేముండేది కాలిఫోర్నియాలో. ఇక్కడి కార్ల్స్‌బాడ్‌లో మార్చి నుంచి మే దాకా ఎకరాలకొద్దీ పూస్తాయి, మా కుండీల్లో మాత్రం బురదే.

ఈసారి అక్టోబరులో, ఎండిన సాలీడులా ఉండే ఆ దుంపల్ని చన్నీళ్లలో 3, 4 గంటలే నానబెట్టాను, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చి. మినప్పప్పులా రాత్రంతా నానేయడమే ఇన్నాళ్లూ నేను చేసిన తప్పు. ఉబ్బాక, పిండితే నీరు కారనంత తడి కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) పెట్టి గరాజ్‌లో చల్లటి మూల ఉంచాను. రెండు వారాల్లోపే తెల్లటి వేళ్లొచ్చాయి. అప్పుడు కొసలు కిందికి ఉండేలా 5 సెంటీమీటర్ల లోతున, జానెడు ఎడంగా నాటాను. వెంటనే ఒకసారి నీళ్లు, ఆపైన పైమట్టి ఆరాకే.

మొగ్గ నొక్కితే మెత్తగా తగిలినప్పుడు పొద్దున్నే కోస్తే వాజులో వారం ఉంటుంది.

ఎండ ముదిరే చోట మాత్రం ఇది పనిచేయదు. 25 డిగ్రీలు దాటుతూ పోతే ఆకులు పసుపెక్కి మొక్క నిద్రలోకి వెళ్లిపోతుంది. విజయవాడలో ఏప్రిల్‌లో వేస్తానంది అమ్మ, వద్దన్నాను.